ఫారం పదిహేను జీ

రణస్థలంలో హైవే పక్కన,
ఎరువుల కొట్టుకీ పంక్చర్ల షాపుకీ మధ్య ఇరుక్కున్న
నెట్ సెంటరు నాది.
అట్టముక్క మీద నేనే రాశాను: ఇచ్చట పీఎఫ్ తీయబడును.

శివరాత్రి ముందు వచ్చింది దుక్క అసిరితల్లి.
పైడిభీమవరం మందుల కంపెనీలో డ్రమ్ములు కడిగే పని,
మానేసి రెండు నెలలు.
వేలిముద్ర పెట్టమంటే యంత్రానికి ముద్ర దొరకలేదు.
బొటనవేలు కాదంది, చూపుడువేలు కాదంది,
ఎడమచేతి ఉంగరపువేలికి పచ్చదీపం వెలిగింది.
"ఇదొక్కటీ బతికున్నాదన్నమాట" అని నవ్వింది.
రెండు నెలలైనా పోని మందు వాసన
సాయంత్రందాకా నా కీబోర్డు మీద ఉంది.

గేటు ఒక్కటే, ఏడేళ్ళు. కంట్రాక్టర్లు ముగ్గురు.
మనిషి మారకుండా ఖాతా మూడుసార్లు పుట్టింది.
తెరమీద ఆఖరిదాని వయసు మూడేళ్ళ ఎనిమిది నెలలు,
లోపల అరవై ఎనిమిది వేల నాలుగు వందలు.

"ఐదేళ్ళు నిండకుండా తీస్తే పన్ను కోస్తారమ్మా."
"పన్ను పీకుతారు గానీ కోత్తారేటి బాబూ!"
"పదోవంతు."
గోడమీది క్యాలెండరు కేసి కాసేపు చూసింది.
"లావేరులో గేదెని బేరమాడినాను. నిండుసూడి.
పదోవంతంటే తోకా, కొమ్మా, ఎనకకాలా?"

పాత ఖాతాలు దీన్లో కలిపితే
ఏడేళ్ళూ ఒకే తాడవుతాయి, పైసా కోయరు.
కానీ మొదటి కంట్రాక్టరు ఆమె పుట్టిన సంవత్సరం తప్పు రాశాడు.
రెండోవాడు పని మానేసిన తేదీయే రాయలేదు,
వాడి లెక్కలో ఆమె ఇంకా డ్రమ్ములు కడుగుతూనే ఉంది.
సరిచేయించాలంటే విశాఖపట్నం ఆఫీసు, మూణ్ణెల్లు.
గేదె ఆగదు. గేదె గలాయన అస్సలాగడు.

ఇంకో దారుంది, ఫారం పదిహేను జీ.
నాకు పన్ను పడేంత ఆదాయం లేదు, రాబోదు
అని సంతకం.
"లేదని మళ్ళా రాసివ్వాలేటి?
ఇన్నాళ్ళూ జీతం ఇచ్చినోల్లకి తెలీదేటి?"
అంటూనే పెట్టింది, చిరుగు కుడుతున్నట్టు
ఒక్కో అక్షరం.

స్కానర్ మీద పెట్టాను. కరెంటు పోయింది.
వచ్చేసరికి రేషన్ కార్డులవాళ్ళ తొక్కిడి.
ఆ గందరగోళంలోనే క్లెయిము పంపేశాను.

పద్దెనిమిదో రోజు ఫోను చేత్తో పట్టుకొచ్చింది.
అరవై ఒక్క వేల ఐదు వందల అరవై.
ఆరువేల ఎనిమిది వందల నలభై ఏదీ?
స్కానర్ మూత ఎత్తాను.
అసిరితల్లి సంతకం, బోర్లా పడుకుని ఉంది.

సర్వరు అనొచ్చు. రూల్సు అనొచ్చు. ఢిల్లీ అనొచ్చు.
ఈ కుర్చీలోంచి ఎంతమందికి అన్నానో.
"నా తప్పే" అన్నాను.

ఆమె తిట్టలేదని రాస్తే అబద్ధం.
పక్క షాపు కుర్రాడు గాలిపంపు ఆపి మరీ విన్నాడు.
"ఏడేళ్ళు డ్రమ్ములు కడిగినాను, ఒక్కదాన్లో మడ్డి ఉంచలేదు.
నువ్వు ఒక్క కాగితం ఎక్కించలేకపోనావు!"

జూలైలో రిటర్ను వేస్తే కోసింది తిరిగొస్తుందన్నాను,
ఫీజు వద్దన్నాను.
ముందు తీసుకున్న యాభై కూడా ఇవ్వబోతే
"ఉంచు, కొత్త స్కానర్ కొనుక్కో" అని వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా సెంటరు ముందు గేదెని ఆపింది.
బేరమాడింది కాదు, ఇంకోటి.
కుడికొమ్ము సగానికి విరిగి ఉంది.
"సూసినావా" అంది, ఆ మొండి నిమురుతూ,
"పదోవంతు."

రిటర్ను వేశాను. ఆగస్టు వెళ్ళింది.
పొద్దున్నే షట్టరు ఎత్తి, దీపం పెట్టకముందే
ఆమె నంబరు కొట్టి చూస్తాను.
గేదె ఈనింది, పెయ్యదూడ.
తెరమీద మాత్రం అదే మాట:
పరిశీలనలో ఉంది.