చుక్క ఒకటి చుక్క

సందకాడ ఆరింటికి నెట్టు పోయింది.
మిర్యాలగూడ బైపాసు మీద
వడ్ల ట్రాక్టర్లు పదిహేడు.
కాటా గదిల నేను,
ఊక దుమ్ము పట్టి తెలుపు మర్శిన రూటరు,
దాని మీద ఎర్రలైటు.

కేబులు ఉప్పలయ్య డబ్బా కింద రాసిపోయిండు:
నూటా తొంభై రెండు చుక్క
నూటా అర్వై ఎనిమిది చుక్క
ఒకటి చుక్క
ఆఖరంకె మీద బల్లిగుడ్డు పగిలి ఎండింది.

ఒకటి కొట్టిన. సున్నా కొట్టిన.
చుక్కకు బదులు కామా పడ్డదేమోనని
అద్దాలు తుడ్సుకొని మళ్ల కొట్టిన.
ఫోన్ల లోకమంత వస్తంది,
ముంబైల బంగారం ధర, ఎవరిదో పెండ్లి,
జానెడు దూరంల ఉన్న డబ్బా తప్ప.

"వడ్లు మొలకలొచ్చినంక తూస్తవా?"
వరుస చివర్నుంచి నడిసొచ్చింది
అడవిదేవులపల్లి తండా కేస్లీ.
ఫోను గుంజుకొని చూసింది.
"డేటా బంజెయ్యి సారూ.
బయటి తొవ్వ దొరికినంక
ఇది ఇంట్లెందుకుంటది?"

బంజేసిన.
తెరుసుకుంది పేజీ,
సర్కారు దవాఖాన గోడ లెక్క తెల్లగ.
అన్నీ సక్కగనే ఉన్నయి.
ఒక్క కాడ మాత్రం, బయటి తీగ అందుతలేదని.

కిటికీల నుంచి చూస్తె
వరుస తోకకాడ, కేస్లీ ట్రాలీ
బస్తాలకు సుట్టుకొని
నల్లతీగ, రోడ్డు పొడుగూత ఈడ్సుకొచ్చింది.

ఆమె గూడ చూసింది.
నేను నవ్వలే. ఆమె అస్సలే నవ్వలే.
నా చెవి మీది పెన్ను తీసి చేతిల వెట్టింది:
"కాయితం మీద రాయి.
నా బండి ముందుగాల."