కిటికీ ఉన్న గది

దేరాల ట్రావెల్స్ కౌంటర్ మీద
నాలుగు దేశాలు పరిచిండు మలయాళీ పిల్లగాడు:
దోహా, మనామా, దమ్మామ్, మస్కట్.
ఒక్కో రేవుల ఎనిమిది గంటలు.

లింబాద్రి ఊర్ల పేర్లు సూడలే.
పద్దెనిమిదేండ్లు జెబెల్ అలీల క్రేన్ మీద కూసోని
ఓడల కడుపులు నింపినోడు,
ఒక్కదాని మెట్టు తొక్కనోడు,
బొమ్మ మీద వేలు పెట్టి అడిగిండు:
ఈ గదికి కిటికీ ఉన్నదా?

లేదట. అందుకే అగ్గువనట.

సత్వాల మా ప్లైవుడ్ గది యాదికొచ్చింది.
పక్క పార్టిషనోళ్ళ అలారం మోగితేనే
మాకు తెల్లారేది.

చీటీ పైసలు మళ్ళా లెక్కవెట్టిన.
మస్కట్ తీసెయ్ తమ్మీ, దమ్మామ్ గూడ తీసెయ్,
రెండు దేశాలు సాలు.
కిటికీ మాత్రం మంచంకాడికే ఉండాలె,
పండుకున్నా
నీళ్ళు కనవడాలె.