మూడో కప్పు

బదిలీ కాగితంలో ఊరి పేరు చూసి నవ్వొచ్చింది: సన్‌షైన్.
దిగిన రోజునుంచి పదకొండు రోజులు ఒకటే ముసురు.
మెల్‌బోర్న్‌కి పడమర, పట్టాలు చీలే చోట
మూడో అంతస్తులో ఒక గది, ఒక కెటిల్,
విప్పని ఆరు అట్టపెట్టెలు.
రైలు నడిపేదాన్ని,
నా ఆకలికి వేళాపాళా లేదు.
తెల్లవారుజాము మూడున్నరకి మధ్యాహ్నపు ఆకలి,
పట్టపగలు రెండింటికి రాత్రి భోజనం.

మొదట తెలిసింది వాసనే.
స్టేషన్ మెట్ల కింద సగం ఎత్తిన షట్టర్ సందులోంచి
వెన్న, మిరియాలు, ఉడికిన బఠాణీ.
మాల్టా ముసలాయన విస్టిన్
మోచేతుల దాకా పిండితో
"చీజా, బఠాణీయా?" అన్నాడు.
ఏది బాగుంటుంది అని అడిగాను.
అడగకూడదట.
"నలభై ఏళ్ళుగా పాస్టిట్సీలు ఈ రెండే చేస్తున్నా.
బాగోనిది ఉంటే ఈపాటికి మానేసేవాణ్ణి."
కాగితం సంచీ అడుగున నూనె
నా నీలం యూనిఫాం మీదికి దిగింది.
ఉతికినా పోలేదు.

తరవాత వరసగా తప్పులు.
హాంప్‌షైర్ రోడ్డు చివర, మొక్కలు వేలాడే అద్దాల కెఫేలో
మాడిన రొట్టె మీద అవకాడో ముద్ద: నా గంట జీతం.
పక్క టేబుల్ కుక్కకి మాత్రం నీళ్ళు ఉచితం.
మళ్ళీ ఆ గడప తొక్కలేదని రాయాలనుంది గానీ
తొక్కాను, రెండుసార్లు,
కిటికీ పక్క కుర్చీ కోసం.

యెప్‌గారి నూడుల్స్ కొట్టులో
ఎర్ర సాసు సీసా ఎత్తి గిన్నెలో ఒంపబోతే
ఆవిడ మాట్లాడకుండా వచ్చి నా మణికట్టు పట్టుకుంది.
ముందు చారు తాగమని సైగ.
తాగాను.
రాత్రంతా మరిగిన ఎముక,
కాల్చిన అల్లం, దాల్చినచెక్క, ఎక్కడో అడుగున ఒక తీపి.
ఇంత చాకిరీనీ ఒక్క పిసుకుతో చెరిపెయ్యబోయానా!
చెవులు ఎర్రబడ్డాయి. చారు వేడికేనేమో.
బ్రోన్విన్ అంటే ఆవిడకి నోరు తిరగదు.
ఇప్పుడు తలుపు తోస్తే చాలు
వంటింట్లోకి ఒక అంకె కేకేస్తుంది: "పద్నాలుగు!"
ఈ ఊళ్ళో నన్ను పిలిచే మొదటి పేరు అదే.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
మాట సంగతి సరే,
రుచికి కూడా ఓనమాలుంటాయని
నలభై మూడేళ్ళకి తెలిసింది నాకు.

నాలుగో నెలలో, ఒక గురువారం,
దించిన గేటు కిందినుంచి ఒక కుర్రాడు దూరాడు,
చెవుల్లో పాట పెట్టుకుని.
బ్రేకు. ఇనుము కేక.
వెంట్రుకవాసిలో దాటేశాడు.
వెనక్కి తిరిగి చూడను కూడా లేదు.
డ్యూటీ దిగాక కాళ్ళు ఎటు తీసుకెళితే అటు నడిచాను.

సాంబ్రాణి పొగ, వేగుతున్న కాఫీ గింజలు.
ఇథియోపియా ఆవిడ కొట్టు.
పిడిలేని చిన్న కప్పు, నిలబడే తాగి
బల్లమీద డబ్బులు పెట్టి బయల్దేరాను.
"కూర్చో," అంది. "ఒక్క కప్పుతో ఎవరైనా లేస్తారా?"
నా చేతులకేసి చూసింది. ఏమీ అడగలేదు.
అదే పొడిమీద మళ్ళీ నీళ్ళు, మళ్ళీ నిప్పు,
మధ్యలో గిన్నెడు పేలాలు.
రెండోది పోస్తూ తన మోకాలి నొప్పి గురించి చెప్పింది,
ఇంటి అద్దె గురించి, ఉత్తరం రాయని చెల్లెలి గురించి.
మూడోది దాదాపు వేణ్ణీళ్ళే.
దాని పేరు బరకా, దీవెన అని.
అప్పటికి కప్పు సాసర్ మీద టకటకలాడటం మానేసింది.

ఆవిడ పేరు త్సెహాయ్. ఈసారి నాకు నోరు తిరగలేదు.
ఆ మాటకి సూర్యుడని అర్థమట,
గల్లా దగ్గర హోంవర్కు చేసుకుంటున్న ఆవిడ కూతురు చెప్పింది
తల ఎత్తకుండానే.
బయట ఇంకా ముసురే.

ఆ రాత్రి మూడో పెట్టె విప్పాను.
రేపు పొద్దున నాలుగు నలభై బండి నాదే.
ఇంజను అద్దంలోంచి చూస్తే ఒక్క క్షణం
మెట్ల కింద సగం వెలుగు కనిపిస్తుంది.
విస్టిన్ తల ఎత్తడు.
పిండి మడతలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.