మూడో విడత దాకా

జిమ్మాలో మా వీధి గోడలు రేకులవి.
ఒక ఇంట్లో కాఫీ గింజలు వేగితే
ఏడిళ్ళ వాళ్ళు ముక్కు పైకెత్తుతారు.

పోయిన సోమవారం ఆసుపత్రిలో
కుర్ర డాక్టరు నా మణికట్టు పట్టుకుని
తన గడియారం చూసుకుంటూ అన్నాడు:
"మీ గుండె నడవడం లేదమ్మా, పరిగెడుతోంది.
బున్న మానెయ్యండి."
ఎంత తేలిగ్గా అన్నాడు,
వెళ్ళేటప్పుడు తలుపు వెయ్యండి అన్నట్టు.

మొదటి రోజు ఏమీ కాలేదు.
నన్ను చూసి నేనే మురిసిపోయాను.
నలభై ఏళ్ళ అలవాటు ఇంత మెత్తనిదా!

రెండో రోజు తెల్లారకముందే
కుడి కన్ను వెనకాల
ఎవరో రోకలి దించారు.
మిషను తొక్కితే ప్రతి కుట్టూ కణతలోనే పడింది.
బడి చొక్కాకి ఎడమ చేతిని కుడివైపు కుట్టాను.
విప్పాను.
మళ్ళీ అటే కుట్టాను.
దవడ పట్టేసేంత ఆవలింత.
గిరాకీ వచ్చిన మనిషిని కసిరి పంపేశాను,
పాపం, జేబు చిరిగిందని మాత్రమే అన్నాడతను.

సరిగ్గా అప్పుడే మొదలైంది వర్కినెష్ ఇంట్లో.
పెనం మీద మొదట ఎండుగడ్డి వాసన,
కాసేపటికి పేలాల వాసన,
ఆ తర్వాత...
ఆ తర్వాతి దానికి ఒక పేరుంటే బాగుండును,
తిట్టుకోవడానికైనా పనికొచ్చేది.
కిటికీకి తడి దుప్పటి కట్టాను.
దుప్పటి దాన్ని పీల్చుకుని
రాత్రంతా నా మంచం పక్కనే వేలాడింది.

గుమ్మంలో లెన్సా, ఏడేళ్ళది:
"అమ్మ బున్నకి రమ్మంటోంది."
"తలనొప్పి అని చెప్పు."
"బున్న తాగితే పోతుందిగా,"
అంది, డాక్టరు కంటే నమ్మకంగా.
నిజమే తల్లీ.
ఆ సంగతి తెలిసి ఉండటమే అసలు నొప్పి.

మూడో రోజు వాంతి.
నాలుగో రోజు బొత్తాలు ఏరుతూ ఏరుతూ ఏడుపు,
ఎందుకో బొత్తాలకీ తెలీదు.
ఐదో రోజు గుర్తులేదు.

నొప్పి మాట అలా ఉంచండి.
మనసు విప్పే మనిషి లేదని చెప్పాలంటే
"బున్నకి తోడు లేదు" అంటాం మేము.
ఎవరికి పెళ్ళి కుదిరింది,
ఎవరి మగడు ఖాత్ నమిలి కూలి డబ్బులు తగలేశాడు,
అన్నీ ఆ మూడు విడతల్లోనే తెలిసేవి.
ఆరో రోజు రేకు గోడకి చెవి ఆనించాను.
నవ్వు వినపడింది. దేనికో తెలియలేదు.
నా గురించేనేమో అనుకున్నాను.
తలనొప్పికి అంతకంటే తెలివి ఉండదు.

ఏడో రోజు తల తేలికయింది.
ఊడిన పన్ను చోటుని నాలుక తడిమినట్టు
నొప్పి ఉండిన చోటుని తడుముకుంటూ కూర్చున్నాను.

ఎనిమిదో సాయంత్రం నేనే వెళ్ళాను.
నేల మీద పచ్చగడ్డి, సాంబ్రాణి పొగ,
జెబెనా మూతి నుంచి సన్నటి నల్లటి ధార.
"అలిగావనుకున్నాం," అంది వర్కినెష్
నా వైపు చూడకుండా.
"గుండె," అన్నాను.
నా మణికట్టు మీద వేలు పెట్టింది,
డాక్టరులాగే, గడియారం లేకుండా,
చాలాసేపు.

కప్పు తొలిచి, తేనా ఆదాం రెమ్మ వేసి
వేడినీళ్ళు పోసింది.
అబోల్: అందరికీ నలుపు, నాకు లేత పసుపు.
తోనా: మూలమీది మందుల కొట్టు అమ్మేశారట!
నాకెవరూ చెప్పలేదు!
బరకా: ఇది దీవెన కప్పు, తాగకుండా లేవకూడదు.
అబద్ధమెందుకు, ఆ ఆకు నీళ్ళు బాగాలేవు.
నా చూపు పక్కనున్న ముసలమ్మ కప్పు అడుగున
మడ్డి మీదికి పోయింది.
ఆవిడ చూసింది.
కప్పుని మెల్లగా తన నెటెలా అంచు చాటుకి జరుపుకుంది.
ఇద్దరికీ నవ్వాగలేదు.

రేపు మళ్ళీ లెన్సా వస్తుంది పిలవడానికి.
తలనొప్పి అని చెప్పడానికి లేదు.