నీళ్ళ గీత

తునిలో దాన్ని అద్దె అంటాం.
ఇక్కడ బాడుగ.
మాట మారినంత తేలిగ్గా అంకె మారదు.
ఏడువేలు, కరెంటు కాక:
జీతాన్ని అటూ ఇటూ మడిచి చూసి
నేనూ మా ఆయనా ఫోన్‌లో గీసుకున్న హద్దు.

కళ్ళద్దాల షాపులో పవర్ చూడటం నా పని.
పై వరసలో పెద్దక్షరం అందరికీ కనిపిస్తుంది,
కిందికి దిగేకొద్దీ తడుముకుంటారు.
కర్నూలునీ అలాగే చదివాను.
వెంకటరమణ కాలనీ పైన, నల్లగా, స్పష్టంగా,
పదహారు వేలు, మూడు నెలల అడ్వాన్సు.
అశోక్ నగర్ కొంచెం చిన్నగా, పన్నెండు.
నాక్కావలసింది
చార్టు అడుగున ఎక్కడో ఉంది,
కళ్ళు చికిలించాలి.

దస్తగిరి తన పాత మోపెడ్ మీద ముందు,
వెనక షేర్ ఆటోలో నేను.
సి క్యాంపులో మేడ మీద గది నచ్చింది.
ఓనరు గారు కాఫీ ఇచ్చి, ఊరడిగి, ఇంటిపేరడిగి,
అసలు అడగాల్సింది అడగలేక
"మీరేం తింటారు?" అన్నారు.
చేపలన్నాను.
తునిదాన్ని, ఇంకేమంటాను?
వాళ్ళబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చేస్తున్న సంగతి
సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది ఆయనకి.

నంద్యాల చెక్‌పోస్టు దాటి చాలా దూరం పోయాక
తెల్లరంగు పూసిన హద్దురాళ్ళ మధ్య
ఒంటరిగా ఒక కొత్త ఇల్లు, ఆరువేలే.
"ఇక్కడికి బస్సొస్తుందా?"
"వస్తాది మేడమ్," అన్నాడు దస్తగిరి,
"ఊరొచ్చినాక."

రాత్రి లాడ్జిలో ఫోన్.
ఫ్రిజ్‌కి తాళ్ళు కట్టేసి కూచున్నాడట,
తొమ్మిది రోజులుగా పచ్చడి మెతుకులేనట.
రోజూ ఒకటే ప్రశ్న: "గాలొస్తుందా?"
ఇల్లే దొరకలేదు, గాలి సంగతి ఏం చెప్పను?

ఆదివారం జోహరాపురం వైపు పోయాం.
సుంకులమ్మ ఇల్లు. రెండు గదులు, వంటిల్లు,
కాలికి చల్లగా తగిలే బేతంచెర్ల బండలు,
వెనక బొప్పాయి చెట్టు, తలుపు తీస్తే ఎదురుగాలి.
ఆరున్నర వేలు.
"ఇంత తక్కువా?" అన్నాను.
దస్తగిరి తాళంచెవుల వైపు చూసుకున్నాడు.

అప్పుడు కనిపించింది గోడ మీద,
స్విచ్ బోర్డుకి పైన, టీ మరకలాంటి గీత.
రెండు గదుల్లోనూ ఒకటే మట్టం,
వడ్రంగి దారం పట్టి కొట్టినట్టు.
రెండువేల తొమ్మిది అక్టోబరులో
హంద్రీ వచ్చి, ఉండి, పోయిన ఎత్తు.
సున్నం వేసిన ప్రతిసారీ
గీత దాకా వచ్చి ఆగి,
గీత దాటాక మళ్ళీ మొదలుపెడుతుందట సుంకులమ్మ.
"సెప్పకుండా ఇస్తే పాపం గదమ్మా.
సూసి పోయేటోళ్ళు పోతారు.
ఉండేటోళ్ళు ఉంటారు."

తొమ్మిది రోజులుగా ఈ ఊరి ఓనర్లు నన్ను చదివారు,
పేరుని, ప్లేటుని, మెడలో ఏముందో, ఏం లేదో.
ఈమె ఒక్కతే
తన గోడని నన్ను చదవనిచ్చింది.

వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను.
గీత నా కనుబొమ్మల మీదుగా పోయింది.
కళ్ళు రెండూ కిందే.

"మేమేం తింటామో అడగరా?"
"వండుకునిందే తింటారు గదా, ఇంకేం తింటారు?"
"కొళాయి?"
"మూడు దినాలకొకసారి. బిందెలు ఎక్కువ తెచ్చుకో."
ఇంటికప్పు దాకా వచ్చిన నీళ్ళే
ఇప్పుడు గంట సేపు, సన్నధారగా.
నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది.
దస్తగిరి మాత్రం తన సగం నెల కమిషను
ఎక్కడ జారిపోతుందోనని నవ్వలేదు.

అడ్వాన్సు ఐదువేలు చేతిలో పెట్టాను,
రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది.

రాత్రి మళ్ళీ ఫోన్.
"గాలొస్తుందా?"
"వస్తుంది. ఏటి వైపు నుంచి."
కాసేపు ఆగి,
"వచ్చేటప్పుడు ఫ్రిజ్ కిందికి బల్ల చేయించు," అన్నాను.
"టేకు అక్కర్లేదు.
ఎత్తుగా ఉండాలి, అంతే."