పంచరు దుకాణం తొట్టి

సిరొంచ బస్టాండు ఎనుక, మోరీ పక్కపొంటి నా దుకాణం.
ఒక గాలి పంపు, ఒక ఇనుప తొట్టి,
మొలకు ఏలాడె పాత టైర్లు.
హోటలు గిన్నెల జిడ్డు, సబ్బు నురుగు
నల్లగ పారుతనే ఉంటది.
ఆ ఒడ్డు గడ్డిమీదనే వచ్చి కూసుంటది అది,
ఇంతకన్న మంచి జాగ యాడ దొరకనట్టు.

మోకాలెత్తు దాటి ఎగరదు.
సగం పండిన మిరపకాయ రంగు ఒళ్లు,
రెక్కల నడుమ నారింజ మరక.
నేను ట్యూబుకు అంటేసె ప్యాచు రంగే.
నాలుగు రెక్కలకూ పంచరు ఏపిచ్చుకొని
పైసలియ్యకుండ పోయిన గిరాకి లెక్క.

మొన్న వానలల్ల నాగపూరు నుంచి ఒక పిలగాడొచ్చిండు,
మోరీ కాడ బోర్ల పండుకొని ఫోటోలు తీసిండు.
పేరేందంటే తూనీగ అన్న.
చతుర్ అని రాసుకున్నడు.
నా బిడ్డ బడిల గదే అంటది, ఇంట్లకొస్తె ఇదే అంటది.
తెలివైనదైతే మోరీల ఎందుకుంటదని అడిగిన.
నవ్వి, ఫోన్ల పటం చూపిండు.
ఇది బతికె జాగలన్నిటికి ఒకటే రంగు పూసిండ్రు,
దేశం దేశమే మునిగింది అండ్ల.
ప్రాణహిత యాడుందన్న.
"గంత సన్నటి నది ఇండ్ల కనబడదు కాకా."
ఆ సన్నటి నదిమీద బ్రిడ్జి పడెదాక
మా అత్తగారిల్లు నాకు ఒక పూట ప్రయాణం.

తెల్లారి ట్యూబు ముంచబోతె
బుడగలు రావల్సిన కాడ
తోకతోని నీళ్లను కొడుతున్నది ఒకతి.
ఎరుపు లేదు, మరక లేదు, ఉత్త మట్టిరంగుది.
కొట్టుడు, లేచుడు, మళ్ల కొట్టుడు.

తొట్టి నీళ్లు మార్చొద్దని ఎవ్వలు చెప్పలే.
నేనే మార్చలే.
మడ్డి పేరింది, గిరాకులు మూతి తిప్పిండ్రు,
పక్కకు ఇంకో బకీటు పెట్టుకున్న.
దసర దాటినంక వంగి చూస్తె
అడుగున సాలీడు అసొంటి పురుగులు,
దోమపిల్లలను గబుక్కున అందుకుంటున్నయి.
ఎనుకనుంచి నీళ్లు చిమ్మి ముందుకు ఉరుకుతున్నయి,
వాల్వు ఊడిన ట్యూబు ఉరికినట్టే.

ఒక పొద్దుగాల పంపు కడ్డీకి
ఒక పొట్టు కరుసుకొని ఉన్నది.
కాళ్లున్నయి, కండ్ల గుంతలున్నయి,
నడి ఈపున చీలిక.
చేతికి అలవాటు కద,
చీలికమీద బొటనేలు పెట్టి చూసిన.
గాలి అప్పటికే పోయింది,
మోరీ దిక్కు.