రెండు వాటాలు

ఎనిమిదేళ్ల పది నెలలు.
పీణ్య పీఎఫ్ ఆఫీసు కిటికీ వెనక సారు
రెండుసార్లు లెక్కేసి మరీ చెప్పినాడు.
పింఛను రావాలంటే పదేళ్లుండాలంట.
తక్కినవి యాడ పోయినాయో నాకు తెల్సు.
చికున్ గున్యా నాలుగు నెలలు తినింది.
మిగతాది కాంట్రాక్టు కంపెనీ.
జీతంలో కోసుకున్నారు గానీ కట్టలేదు.
ఆ గేటు మీద బోర్డు ఇంగా ఉంది,
లోపల కంపెనీ లేదు.

అన్నేళ్లూ నేను కుట్టింది కాలర్లే.
గంటకు తొంభై.
ఒక్క చొక్కానైనా మొత్తంగా చూసినదాన్ని కాదు.
తలకాయల్లేని మెడలు
ఎన్ని లక్షలు నా చేతి మీదుగా పోయినాయో.

"ఉన్న దుడ్డు తీసుకోమ్మా" అన్నాడు సారు.
తీసుకుంటి.
సగం మా ఇంటాయన మోకాలికి పోయింది.
సగంతో ఒక పాత మిషను,
లగ్గెరెలో మెట్ల కింద
నిలబడితే తల తగిలే చోటుకు అడ్వాన్సు.

యాభై మూడో ఏట
బ్యాంకులో కుర్చీ అంచున కూర్చుంటి,
పింఛను ఖాతా తెరుస్తారని ఎవరో చెబితే.
వేలు పెట్టమన్నాడు పిల్లోడు.
నాలుగుసార్లు పెట్టినా
ఆ డబ్బీ నన్ను గుర్తుపట్టలేదు.
సూది అరగదీసిన వేళ్లు కదా.
ఆఖరికి ఎడంచేతి ఉంగరం వేలు ఒప్పుకుంది,
ఎప్పుడూ ఉంగరమెరగని వేలు.

"ఏను కెలస?"
బట్టలు కుడతా.
"మాలీకరు యారు?"
అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూస్తి.
టోకెను పట్టుకున్న ముసలాయన తప్ప ఎవరూ లేరు.
"నేనే" అంటి.
తలెత్తకుండానే నొక్కినాడు: స్వంత ఉద్యోగ.

ఆ పొద్దు నుంచి మెట్ల కింద ఇద్దరముంటాం.
కుట్టే వన్నూరమ్మ.
కుట్టించే వన్నూరమ్మ.
హాజరు గోడ మీద సుద్దతో ఒక గీత.
రాత్రికి గల్లా తీసి
కూలిదాని వాటా ఊరగాయ జాడీలో,
ఓనరు వాటా బిస్కెట్ల డబ్బాలో.
రెండూ ఒకే జాకెట్టు దుడ్డే,
వేసేదీ ఒకే చెయ్యే,
అయినా విడివిడిగా పెట్టాల.
లేకుంటే ఓనరమ్మ ఎగ్గొడుతుంది.
ఓనర్లు నాకు తెల్సు.

ఎగ్గొట్టింది కూడా.
ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, జాకెట్లు లేవు,
ఒక స్కూలు బ్యాగు జిప్పు, రెండు ఫాల్సు, అంతే.
"ఈ నెల కష్టం, వచ్చే నెల చూద్దాం" అనింది ఓనరమ్మ,
అచ్చం ఆ ఫ్లోర్ మేనేజరు గొంతుతో.
కూలిది పెడలు మీద కాలు తీసేసింది.
పావుగంట సమ్మె.
ఎదురింటామె తొంగి చూసి
"మిషను రిపేరా అక్కా?" అని అడిగింది.
చివరికి ఓనరమ్మే లేచి
కత్తిరింపు ముక్కలన్నీ పోగేసి
కాళ్లు తుడుచుకునే పట్టాలు కుట్టి
సోమవారం సంతలో అమ్ముకొచ్చింది.
డబ్బాలో ఐదొందలు పడినాయి,
అన్నీ పది రూపాయల నోట్లు.

అరవై దాటినాక నెలకెంతొస్తాదో
బ్యాంకు పిల్లోడు ఫోనులో చూపించినాడు.
గ్యాసు సిలిండరుకు కూడా చాలదు.
"ఇంతేనా?" అనింది కూలిది.
ఓనరమ్మ ఏమీ అనలేదు,
చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుంది.

ఈ పొద్దు పైంటి శరణప్ప కొడుకు
ఇంటర్వ్యూ ఉందని గుడ్డ తెచ్చిచ్చినాడు.
ఒళ్లు, చేతులు, జేబు, కాజాలు,
అన్నీ అయినాక ఆఖర్న కాలరు.
మేకుకు తగిలించి
దూరం జరిగి చూస్తావుంటే
కరెంటు పోయింది.

ఈ పొద్దు గీత ఇంగా గీయలేదు.
సుద్దముక్క కోసం
చీకట్లో ఇద్దరమూ
తడుముకుంటావున్నాం.